ఎవరు ముట్టిండ్రు

కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళం తప్పు ఎక్కడుందో చూడకముందే ఎవరు ముట్టుకున్నారని అడుగుతాం. నిజామాబాద్‌లో ఒక గల్లీలో ఇరవై ఏళ్ళుగా నాకు దుకాణం ఉంది. ఈ ప్రశ్న నాకెవరూ నేర్పలేదు. అడగ్గానే ఎదుటివాళ్ళు కొంచెం తగ్గుతారు. ఇంట్లో ఎవరో ఒకరి మీదికి చూస్తారు. ఆ తర్వాత మన పని మనం నింపాదిగా చేసుకోవచ్చు. ఇదొక సౌకర్యమని గుర్తించిన తర్వాత దాన్ని వదులుకోలేదు. బోధన్‌లో ఒక ఇంట్లో ఈ ప్రశ్న వల్ల, దాని వెనక నేనాడిన అబద్ధం వల్ల, ఒక ముసలావిడ మాటను సొంత ఇంట్లో ఎవరూ నమ్మకుండా పోయారు. అదెలా జరిగిందో రాస్తున్నాను.

ఆ ఇంటి కోడలు ముందు గదిలో టైపింగు పని చేసేది. ముప్పై అయిదేళ్ళుంటాయి. బోధన్‌లోనూ చందూర్ వైపూ ఉన్న చిన్న బడుల ప్రశ్నపత్రాలు, పెళ్ళి పత్రికలు ఆమె దగ్గరికి వచ్చేవి. భర్త లారీ మీద చెరకు తోలేవాడు, సీజను మొదలైతే ఇంట్లో కనబడేవాడు కాదు. అదే గదిలో గోడవారగా చాప వేసుకుని అత్త బీడీలు చుట్టేది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. ఫ్యాన్ తిరిగితే తంబాకు ఎగిరిపోతుంది. అందుకని ఆమె చుట్టడానికి కూర్చునే ముందు ఫ్యాన్ ఆపేది. కోడలు లేచి వేసేది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడే ఈ తగాదా చూశాను.

"అత్తా, నేను ఉడికిపోతున్న."

"నువ్వు ఉడికితే జరసేపట్ల ఆరుతవు బిడ్డా. నా తంబాకు ఎగిరితే ఎవ్వడు తెచ్చిస్తడు?"

ఇద్దరూ నవ్వుకునేవారు. ఫ్యాన్ స్విచ్చి, కంప్యూటర్ స్విచ్చి ఒకే బోర్డు మీద పక్కపక్కనే ఉండేవి.

కోడలి కంప్యూటర్ పాతది. విండోస్ దాని మీద నడవలేక నడిచేది. తీసేసి, దాని బదులు పాత మిషన్ల మీదా తేలిగ్గా నడిచే లినక్స్ వేశాను. "ఇగ ఇది పండుకోదు చెల్లె, నాది గ్యారంటీ" అన్నాను. అలా అనాల్సిన అవసరం లేదు. ఏడాది పాటు అది నిజంగానే ఇబ్బంది పెట్టలేదు. ఆమె నా గురించి నాలుగు బడులవాళ్ళకు చెప్పింది, వాళ్ళూ నాకు పని ఇచ్చారు. ఆ గ్యారంటీ మాట మీద నాకు గొప్ప మోజు ఏర్పడింది.

అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో ఒక మధ్యాహ్నం వెళ్ళాను. ఆమె పని మొత్తానికి రోజూ దానంతటదే ఒక నకలు తీసుకునేలా ఏర్పాటు చేయడానికి. అందుకు విడిగా ఒక డిస్కు కావాలి. కొని తెస్తానన్నవాణ్ణి మరిచిపోయాను. నా సంచిలో ఉన్న సొంత డిస్కునే తగిలించి పని మొదలుపెట్టాను.

కంప్యూటర్ లేవగానే ఏయే డిస్కులను కలుపుకోవాలో చూసుకునే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. దాని చివర ఒక వరుస రాశాను. నా డిస్కు నంబరు, దాన్ని తెరిచే ఫోల్డరుకు 'నకలు' అని పేరు. ఆ వరుసలోనే ఇంకొక మాట రాయాలి. ఈ డిస్కు కనబడకపోయినా ఆగకుండా ముందుకు పొమ్మని చెప్పే మాట. అది నాకు బాగా తెలుసు. ఆ ఫైలును కదిలించిన తర్వాత కంప్యూటర్‌ను ఒకసారి ఆపి, మళ్ళీ లేపి చూసుకోవాలన్నదీ తెలుసు. బస్సుకు టైమైంది. ఆ మాటా రాయలేదు, ఆపీ చూడలేదు. నా డిస్కును ఊడదీసి సంచిలో వేసుకుని, వచ్చే వారం కొత్తది తెస్తానని చెప్పి వచ్చేశాను.

మర్నాడు పొద్దున ఇందల్వాయిలో ఒక బడిలో ప్రింటరు బిగిస్తుంటే ఆమె ఫోన్ చేసింది.

"అన్నా, మిషన్ లేస్తలేదు. నిమిషమున్నర ఏదో లెక్కవెట్టి మొత్తం నల్లగైంది. తెల్ల అక్షరాలు ఒచ్చినయ్. సారు ప్రశ్నపత్రాల కోసం ఒచ్చి కూసున్నడు."

"ఎవరు ముట్టిండ్రు?" అన్నాను. అప్పటికి తప్పు ఏమిటో నాకు తెలియదు. అలవాటుగా వచ్చిన మాట.

"ఎవ్వరు ముట్టలె. నిన్న సాయంత్రం నేనే షట్ డౌన్ కొట్టిన. కొట్టి వంటింట్లకు పోయిన. గప్పుడే మా అత్త ఫ్యాన్ బంద్ చెయ్యనికి లేసినట్టుంది."

తెర మీద ఏముందో చదవమన్నాను. ఆమెకు ఇంగ్లీషు పెద్దగా రాదు. ప్రతి అక్షరం విడివిడిగా, ఎక్కడా వదలకుండా చదివింది. డిపెండెన్సీ ఫెయిల్డ్ అన్న రెండు మాటలు చదవడానికి కొంతసేపు పట్టింది. ఆ తర్వాత ఒక వాలుగీత అని, "ఎన్, ఏ, కే, ఏ, ఎల్, యూ" అంది.

నకలు. అది నేను పెట్టిన పేరు. ఆ డిస్కు అప్పుడు కూడా నా సంచిలోనే, నా కాళ్ళ దగ్గరే ఉంది.

బాగుచేయడం కష్టం కాలేదు. పాస్‌వర్డ్ చెప్పాను.

"కొడ్తున్న గని ఏం కనవడ్తలేదన్నా."

"కనవడదు చెల్లె. కనవడకున్నా కొట్టు."

ఆ ఫైలు తెరిపించాను. చివరి వరుసకు ముందు హ్యాష్ గుర్తు పెట్టించాను, అది ఉంటే ఆ వరుసను కంప్యూటర్ పట్టించుకోదు. ఫైలు సేవ్ చేసి, మళ్ళీ లేపమన్నాను. లేచింది. అవతల సారు "శభాష్" అనడం నాకు వినబడింది. ఫోన్ స్పీకరులో ఉంది.

అప్పుడు ఆమె అడిగింది. "అన్నా, మరి మా అత్త స్విచ్చి తీసినందుకేనా గిట్లైంది?"

ఒక్క మాటతో అయిపోయేది. నేనే రాసి మరిచిపోయాను చెల్లె అంటే ఆమె నవ్వి ఊరుకునేదేమో. కానీ సారు వింటున్నాడు. ఆ సారు బడిలో పది కంప్యూటర్లు నా చేతిలో ఉన్నాయి.

"గట్లనే అయితది చెల్లె. మధ్యల కరెంటు తీస్తే ఫైలు కరాబైతది. జర చెప్పుకోండ్రి ఇంట్ల" అన్నాను.

ఆమె ఫోన్ పెట్టేయకముందే అత్త వైపు తిరిగింది. "ఎన్నిమాట్ల చెప్పిన అత్తా నీకు, ఆ బోర్డు ముట్టకుమని! సారు ముంగట నా ఇజ్జత్ పోయింది."

"నేను ఫ్యానే తీసిన బిడ్డా. దాన్ని ముట్టలె."

"నువ్వు ముట్టకుంటే దానంతటదే కరాబైతదా? నిజామాబాద్ అన్న చెప్తున్నడు గద!"

ఫోన్ కట్ అయింది. నేను ప్రింటరు బిగించడం పూర్తిచేశాను.

వచ్చే వారం తెస్తానన్న డిస్కుతో రెండు నెలల వరకు వెళ్ళలేదు. పనులున్నాయని చెప్పాను. పనులు ఎప్పుడూ ఉంటాయి. వెళ్ళేసరికి చలికాలం వచ్చింది. బోధన్ రోడ్డు మీద చెరకు లారీలు వరసగా పోతున్నాయి. ఇంట్లోకి అడుగుపెట్టగానే బోర్డు కనబడింది. కంప్యూటర్ స్విచ్చి మీద అడ్డంగా తెల్ల ప్లాస్టరు అంటించి ఉంది. గోడవార చాప లేదు. ఫ్యాన్ అవసరం లేని కాలమే, అయినా ముసలావిడ ఆ గదిలో లేదు.

చేతులు కడుక్కునే నెపంతో వెనక్కి వెళ్ళాను. స్నానాలగది పక్కన రేకుల కింద కూర్చుని చుడుతోంది. తలకు మఫ్లరు కట్టుకుంది. చలిగాలికి ఆకు ఎండిపోతుంటే మాటిమాటికీ గుడ్డ తడుపుతోంది.

"కొడుకా, ఒక్క మాట చెప్పు" అంది. "స్విచ్చి తీస్తే గట్ల నిజంగ అయితదా?"

"అప్పుడప్పుడు అయితది అవ్వా."

"అయితదా" అని మళ్ళీ ఆకు కత్తిరించుకుంది. నిందించినట్టు అనలేదు. తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగింది.

లోపలికి వచ్చి ఆ ఫైలు తెరిచాను. నా వరుస చివర్లో అలాగే ఉంది, ముందు హ్యాష్ గుర్తుతో. నా డిస్కు నంబరు, నేను పెట్టిన పేరు. ఈ పని కొంచెం తెలిసినవాడెవడు చూసినా ఆ రోజు ఏం జరిగిందో చెప్పగలడు. కొత్త డిస్కుకు కొత్త వరుస రాశాను. ఈసారి రాయాల్సిన మాట రాశాను. రెండుసార్లు ఆపి లేపి చూశాను. అంతా అయ్యాక పాత వరుసను తుడిచేశాను.

మొదటి రోజు అబద్ధం తొందరలో నోటి నుంచి జారిందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఆ వరుస తుడిచినప్పుడు ఏ తొందరా లేదు. కోడలు పక్కనే నిలబడి టీ ఇచ్చింది. "ఇప్పుడు మంచిగుందా అన్నా?" అంది. మంచిగుంది అన్నాను.

వారం రోజులు గడిచాయి. దుకాణానికి ఒకాయన కంప్యూటర్ తెచ్చాడు. నేను నోరు తెరవకముందే, "నేనే ఏదో కెలికిన అన్నా, తప్పు నాదే" అన్నాడు. తీరా చూస్తే ఆయన తప్పేమీ లేదు, లోపల ఒక వైరు వదులైంది. ఆ మాట చెబితే ఆయన ముఖం తేలికపడింది. ఆ సాయంత్రం బోధన్‌కు ఫోన్ చేశాను.

"చెల్లె, ఆ రోజు మీ అత్త మిషన్ స్విచ్చి తియ్యలేదు. తప్పు నాది. నా డిస్కు పేరు అండ్ల రాసి, డిస్కు తీస్కొని ఒచ్చిన."

"నీకెప్పుడు తెల్సిందన్నా?"

"ఆ రోజే. నువ్వు అక్షరాలు చదువుతుంటేనే."

"మరి మొన్న ఒచ్చినవ్ గద. చాయ్ తాగి పోయినవ్ గద."

దుకాణం షట్టరు సగం దించాను.

"ఫోన్ల నాకెందుకు చెప్తున్నవ్?" అంది. "నాతోని అనిపిచ్చినవ్. సారు ముంగట అనిపిచ్చినవ్. ఒచ్చి ఆమెకు చెప్పు."

మర్నాడు వెళ్ళాను. రేకుల కింద ముసలావిడతో పాటు పక్కిళ్ళ ఆడవాళ్ళు ఇద్దరు కూర్చుని చుడుతున్నారు. ఎవరూ నన్ను కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. కంప్యూటర్ సంగతి వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేకపోయింది. నేను ఒకటి రాయడం మరిచిపోయాను, దాని వల్ల అది లేవలేదు, అవ్వ మీద పెట్టాను. అంతే.

"సూసినవా" అంది పక్కావిడ. "గప్పటి సంది మొత్తుకుంటనే ఉన్నది, నేను ముట్టలె ముట్టలె అని."

రెండో ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "గింత పెద్ద మిస్త్రీవి, నీ తప్పు నీకెర్క లేకుండెనా?"

"ఎరుకే అక్కా. ఎరుకుండే చెప్పలె."

"ఆహా, మంచిగున్నది. మా కార్ఖానాల చేరిపో. మా బీడీలు మంచిగున్నా చెడిపోయినయని ఆడ చూసేటోళ్ళు తీసి పారేస్తరు, వాళ్ళకు పనికొస్తవ్."

ఇద్దరూ నవ్వారు. ముసలావిడ నవ్వలేదు. కత్తెర ఆపకుండానే మాట్లాడింది.

"కోడలు అన్నదానికి నాకు రంది లేదు కొడుకా. ఒక్కింట్ల ఉన్నంక అనుకుంటం, మళ్ళ కల్సుకుంటం. నువ్వు చెప్పినవని నేనే నమ్మిన. స్విచ్చి మీద చెయ్యి వెట్టింది యాదికున్నది, ఏ స్విచ్చో యాదికి లేకుంట వోయింది. ఒక దినం ఫ్యానే అనిపిస్తది, ఒక దినం అదేనేమో అనిపిస్తది. మతి పోతున్నదనుకున్న. గప్పటి సంది కట్టకు ఇరవై అయిదు బీడీలు కూడ మూడుమాట్ల లెక్కవెడ్తున్న."

ఆమెకు గదిలో చోటు పోయిందని, చలిలో కూర్చోవాల్సి వచ్చిందని, అదే నేను చేసిన నష్టమని అనుకుని వచ్చాను. దానికి తగినన్ని మాటలు సిద్ధం చేసుకుని వచ్చాను. ఇప్పుడు వాటిలో ఏదీ పనికిరాలేదు.

"నీ మతి మంచిగున్నది అవ్వా" అన్నాను. "నువ్వు ఫ్యానే తీసినవ్."

"నువ్వే చెప్తివి అదని. నువ్వే చెప్తున్నవ్ ఇదని" అంది.

కోడలు గడపలో నిలబడి అంతా విన్నది. "అత్తా" అని ఆగిపోయింది. తర్వాత వచ్చి, ముసలావిడ ముందున్న ఆకు మూటను, తంబాకు డబ్బాను ఎత్తుకుని ముందు గదిలోకి నడిచింది.

"ఏడికి తీస్కవోతున్నవే? ఆకు ఎండుతది!" అంటూ ముసలావిడ చాట పట్టుకుని, మోకాళ్ళ మీద చెయ్యి ఊని లేచి వెనకే వెళ్ళింది.

నేను వెళ్ళిపోదామనుకున్నాను. కోడలు పిలిచింది. నోటుబుక్కు, పెన్ను పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఆ ఫైలు చూపియ్యి. ఒక్కొక్క వరుస ఏందో చెప్పు, తెలుగుల రాసుకుంట. ఇగ నా మిషన్ నేనే చూసుకుంట."

చెప్పాను. ఆమె నన్ను అన్న అనలేదు, పేరు పెట్టీ పిలవలేదు. రాసుకుంటూ మధ్యలో అడిగింది. "ఈ ఒక్క మాట రాయనందుకేనా గదంత?"

"దానికే."

"దానికి గాదు" అంది తలెత్తకుండా, తర్వాతి వరుస చూపించమన్నట్టు తెర మీద వేలు పెట్టి.

మా వెనక గోడవార చాప మీద ముసలావిడ ఒక కట్ట పూర్తిచేసింది. పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంది, దారం చుట్టి పక్కన పెట్టింది. కాసేపాగి దాన్నే మళ్ళీ చేతిలోకి తీసుకుని మొదటి నుంచి లెక్కపెట్టసాగింది. కోడలు రాయడం ఆపి అటు చూసింది. నేను చూడలేదు. తర్వాతి వరుస ఏమిటో చెబుతూ పోయాను.