మిరపగోతాల గదిలో ఇద్దరం

ఈ ఉదయం పెనంమీద గుప్పెడు వాము పోసి, మాడక మునుపే దించి, పాత నూలుగుడ్డలో మూటగట్టి, ఆ వేడి మూటను ముక్కు దగ్గర పెట్టుకొని కిటికీ పక్కన కూర్చున్నాను. నరసరావుపేటలో మేముంటున్న ఈ మేడలో కింది వాటా నుంచి ఒకావిడ తల పైకెత్తి, "ఏందండీ ఆ వాసన?" అని అడిగింది. వామండీ అన్నాను, కిటికీ మాత్రం మూయలేదు. మంచు దిగే వేళ మొదలుకొని ఎండలు ముదిరేదాకా నాకు ఏటేటా తుమ్ములు వస్తాయి. చిన్ననాడు వచ్చాయి, నేడూ వస్తున్నాయి. డాక్టరుగారు రాసిన బిళ్ల వేసుకుంటాను, వాము మూటా పట్టుకుంటాను. ఒకదానిని మెచ్చుకోవడానికి రెండవదానిని తిట్టితీరాలన్న నియమం నాకెవరూ చూపలేదు; చూపినా ఒప్పుకోను.

ఎనభైల దశకపు తొలినాళ్లలో, నకరికల్లుకు కొంత ఎడంగా ఉన్న మా ఊళ్లో, ఋతువు మారిన సంగతి అందరికంటె ముందు నా ముక్కుకే తెలిసేది. వానలు వెనుకబట్టి, జొన్నచేలు కంకివేసి, పుప్పొడి గాలికి లేచే రోజుల్లో ముక్కుదూలంలో సన్నని దురదగా మొదలయ్యేది. ధనుర్మాసపు చలిలో నేతి పులగం ఆవిరులు చిమ్ముతూ విస్తట్లోకి వచ్చేసరికి, ఇంటిల్లిపాది ఆ పెసరపప్పు కమ్మదనాన్ని పొగుడుతుంటే, నాకు మాత్రం అది వేడిగా ఉన్నదన్న సంగతి తప్ప మరేమీ తెలిసేది కాదు. రోడ్డు వారల కొత్తగా కమ్ముకొస్తున్న వయ్యారిభామ మొక్కలు తెల్లని పూలతో తలలూపేవి. ఆ కలుపుమొక్కకు అంత ముచ్చటైన పేరు పెట్టినవారిని నేనీనాటికీ క్షమించలేదు. ఇక మాఘం వచ్చి మిరపకోతలు మొదలైతే నా కష్టాలకు అంతుండేది కాదు. మా ఇంటిముందే కల్లం. నాపరాళ్ల అరుగు దిగితే అడుగు పెట్టేచోటు లేకుండా ఎర్రని కాయ పరచి ఉండేది. కొప్పులకు గుడ్డలు చుట్టుకున్న ఆడకూలీలు వరుసగా కూర్చొని, తెల్లబారిన తాలుకాయలను ఏరి పక్కకు విసురుతూ, తమలో తాము ఎకసెక్కాలాడుకుంటూ పకపక నవ్వేవారు. గోతంలో నిలబడి కాయను తొక్కేవాళ్ల మోకాళ్లదాకా ఎర్రని దుమ్ము పట్టేది. ఆ దుమ్ములో మా వాళ్లు తినేవారు, నిద్రించేవారు, పసిపిల్లలకు జోల పాడేవారు. ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. నేనొక్కదాన్నే తుమ్మేదాన్ని.

మా ఇంట తుమ్మును జబ్బుగా ఎవరూ ఎంచలేదు. అది శకునం. ఉమ్మడి సంసారానికి పెద్ద మా పెదనాన్న. పొలమంటే ఎంత ప్రాణమో ఊరి రాజకీయమన్నా ఆయనకంత. వాయిదాకని గురజాల కోర్టుకు బయలుదేరినా, తగవు తీర్చడానికి పొరుగూరికి బయలుదేరినా, గడప దాటే క్షణంలో ఎవరైనా తుమ్మితే ఆయన వేసుకున్న చెప్పులు విడిచి, నులకమంచంమీద కూర్చొని, మంచినీళ్లు తెప్పించుకొని తాగి, కాసేపాగి మళ్లీ లేచేవాడు. లేచేసరికి నేను మళ్లీ తుమ్మేదాన్ని. ఒకనాడు ఇట్లా కూర్చొని లేచి, కూర్చొని లేచి, మాచర్ల బస్సు తప్పిపోయింది. ఆనాటినుంచి నాకొక ఏర్పాటు జరిగింది. ఆయన ప్రయాణమనగానే అమ్మ వచ్చి, "పెదనాన్న బయల్దేరతన్నాడు, నాయనమ్మతో కలిసి లోపలికి పోవే" అనేది. ఆ మాట చెప్పేటప్పుడు అమ్మ నా ముఖం చూసేది కాదు.

నాయనమ్మతో కలిసి అనడంలో మరొక సంగతి ఉన్నది. మా నాయనమ్మకు భర్త లేడు. బయలుదేరే మనిషికి వైధవ్యంతో ఉన్న స్త్రీ ఎదురుపడరాదని ఊరి ఆచారం. కన్నకొడుకైనా సరే, మా పెదనాన్న గడప దాటే వేళకు ఆమె కంటబడకూడదు. అందుచేత తుమ్మే పిల్లకూ, తెల్లచీర ముసలమ్మకూ వెనుకగది ఒకటే చోటయింది. ఆ గదిలో నిరుటి కాయా, ఈ యేటి మొదటి కోత కాయా గోతాలకెత్తి దూలాలదాకా పేర్చి ఉండేవి. మేమిద్దరం ఆ గోతాల మధ్య చాపమీద కూర్చొని గచ్చకాయలాడుకునేవాళ్లం. బయట ట్రాక్టరు చప్పుడు దూరమయ్యాక మమ్మల్ని పిలిచేవారు. బయటి మనుషులెవరైనా అడిగితే "లోపల పని చేసుకుంటన్నారు" అని చెప్పేవారు. నాకు కావలసినదొక్కటే: మా ఇంటి వాకిట్లో, మా వాళ్లందరితోపాటు, దాగకుండా నిలబడడం. అందుకు తుమ్ము పోవాలి. తుమ్ము పోగొట్టడం నాయనమ్మ పట్టుదల.

ఆమె వైద్యురాలు కాదు. పుట్టింటివైపు మందులెరిగిన పెద్దలుండేవారని, వారినుంచి వచ్చిందని చెబుతూ, మరిచినచోట సొంత తెలివి కలిపేది. తెల్లవారగానే కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లలో కల్లుప్పు కరిగించి, కొమ్ముచెంబుతో నా ఒక ముక్కులో పోసి రెండవ ముక్కునుంచి కార్పించేది. నేను ఉక్కిరిబిక్కిరై కాళ్లు తన్నుకుంటే, "నోరు తెరిచి గాలి పీల్చవే, చెరువులో పడ్డట్టు ఏందా గోల" అనేది. ఆపైన ఆవునేతిని వేలితో ముక్కుపుటాల లోపల పూసేది. వాగుగట్టునుంచి తెచ్చిన వావిలాకు కుండలో మరిగించి, నన్నూ కుండనూ కలిపి దుప్పటి కప్పేది. ఆ చీకటిలో పసరువాసనా, పసుపువాసనా, నా ఊపిరీ ఒక్కటైపోయి, కాసేపటికి ముఖం చెమర్చి, ముక్కు రెండువైపులా తెరుచుకొని, లోకమంతా ఒక్కసారిగా వాసన వేసేది. పడుకోబోయే ముందు మిరియాల పాలు. పెరుగు నిషిద్ధం, చద్దన్నమూ నిషిద్ధం. తిప్పతీగ కషాయం ఒకటుండేది. అది నాకేమి మేలు చేసిందో నేటికీ తెలియదు, చేదు మాత్రం గుర్తున్నది. ఉప్పునీటివల్ల పూట గడిచేది, ఆవిరివల్ల నిద్ర పట్టేది, నేతిపూతవల్ల మంట తగ్గేది. ఇంతకుమించి గొప్పలు చెప్పను. ఇంతకు తక్కువని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను.

అన్నీ చేసినా వెనుకగదిలో కూర్చోగానే తుమ్ములు మొదటికొచ్చేవి. మూసిన తలుపు దాటి వాకిటిదాకా వినబడేవి. చివరకు పొరుగింటి సుబ్బమ్మత్త, మాకు చుట్టరికం లేకపోయినా వరస కలిపి పిలిచే మనిషి, ఇది దిష్టి అని తేల్చింది. ఒక సాయంకాలం నన్ను వాకిట్లో నిలబెట్టి, గుప్పెడు ఎండుమిరపకాయలు తలచుట్టూ తిప్పి, నిప్పుల కుంపటిలో వేసింది. కాలే మిరపకాయ ఘాటు కొట్టకపోతే దిష్టి తగిలినట్టు, కొడితే లేనట్టు లెక్క. మిరపకాయలు నల్లగా మాడి పొగ లేచింది. నాకు కళ్లనీళ్లు ధారలు కట్టాయి. తుమ్ముకూ తుమ్ముకూ మధ్య ఊపిరి దొరకలేదు. సుబ్బమ్మత్త మాత్రం కుంపటిమీదికి వంగి గుండెనిండా పీల్చి, ఆశ్చర్యంగా నాయనమ్మవైపు తిరిగి బుగ్గన వేలు పెట్టుకున్నది.

"చూశావా పిన్నీ, ఇన్ని కాయలేస్తే పిసరంత ఘాటు రాలే! పిల్లకి చానా దిష్టి తగిలింది."

చుట్టూ మూగిన మా వాళ్లందరూ తలలూపారు. ఎవరికీ ఘాటు తెలియలేదు. సరిగ్గా ఆ సమయానికి గాజుల మలారం వీపున వేసుకొని పొరుగూరి గాజులామె ఒకతె వీధి మలుపు తిరిగింది, మా వాకిటికి రాకముందే పైట ముక్కుకు అడ్డం పెట్టుకొని, దగ్గుతో వంగిపోయి, "అమ్మో, ఇదేం ఊరమ్మా, మడుసులుంటన్నారా, మిరపకాయలే కాపరముంటన్నయ్యా?" అంటూ వచ్చినదారినే పరుగెత్తింది.

అందరూ నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. ఆ వెళ్లేదానివంక, కుంపటివంక, నావంక మార్చి మార్చి చూసి, ఒక చెంబు నీళ్లు తెచ్చి నిప్పులమీద కుమ్మరించింది.

"ఆపవే సుబ్బమ్మా. ఘాటు రాకపోవటం కాదు, మన ముక్కులు చచ్చినయ్. ఈ ఇంట్లో సక్కంగా ఉన్న ముక్కు ఈ పిల్లదొక్కటే. తుమ్ముతందని తీసకపోయి మిరపగోతాల్లో కూకోబెట్టాం. ఏంది మనకీ బుద్ధి?"

ఆ రాత్రి భోజనాల దగ్గర పెదనాన్నను అడిగింది, ఆ గోతాలు ఇంట్లోంచి తీయించమని. ఆయన ముద్ద కలుపుతూ, "ధర పలికిందాకా గోతాలు కదలవమా" అన్నాడు.

"అయితే మేం కదుల్తాం" అన్నది నాయనమ్మ.

ఆ మాటకు అర్థమేమిటో కొద్దిరోజులకే తెలిసింది. పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. పెదనాన్న సర్పంచి పదవికి నిలబడ్డాడు. నామినేషను వేయడానికి నకరికల్లు బయలుదేరే ఉదయం మా వాకిలి జనంతో నిండిపోయింది. కల్లంలో కాయను ఒకవైపు నెట్టి ట్రాక్టరు నిలబెట్టారు; ట్రక్కుకు మామిడి రెమ్మలు కట్టారు; కొత్త కండువాల గంజివాసన. అమ్మ ఎదురు రావడానికి పూలు ముడుచుకొని నీళ్లబిందెతో సిద్ధంగా ఉన్నది. మమ్మల్ని తెల్లవారకముందే లోపలికి పంపేశారు. నాయనమ్మ నాకు ముక్కు కడిగి, నెయ్యి పూసి, కుచ్చెళ్లు సర్ది, చెయ్యి పట్టుకొని గది తలుపు తీసింది. అమ్మ అడ్డం వచ్చి, "అత్తా, ఇయ్యాల్టికి వద్దు" అని బతిమాలింది. నాయనమ్మ ఆమె చేతిలోని బిందెను మెల్లగా పక్కకు జరిపి నడిచింది. తుమ్మకూడదు, తుమ్మకూడదు అని పళ్లు బిగబట్టాను. అరుగు మెట్లకు ఎదురుగా, ఇంత జనం చూస్తుండగా, మేమిద్దరం నిలబడ్డాం.

పెదనాన్న ముఖం కందిపోయింది. "అమా, ఏందిది? ఇయ్యాలేనా నీకు దొరికింది?"

"కన్నదాన్ని నేనెదురొస్తే చెడిపోయే పనైతే పోబాకరా పెద్దోడా. ఇంట్లో కూకో."

జనంలో గుసగుసలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో నాకు తుమ్ము వచ్చింది. బిగబట్టినందుకు మరింత బిగ్గరగా, ట్రాక్టరుమీది డ్రైవరు ఉలిక్కిపడేటంతగా వచ్చింది. అందరికంటె ముందు నాయనమ్మ నా నెత్తిన చెయ్యి వేసి, ఊయలలోని పసిపిల్లలు తుమ్మితే పెద్దలనే మాటనే, వీధి చివరిదాకా వినబడేట్టు అన్నది: "చిరంజీవ!"

పెదనాన్న అరుగుమీద కూలబడి నీళ్లు తాగాడు. మమ్మల్ని పొమ్మనలేదు. లేచి, మా పక్కనుంచే నడిచి ట్రాక్టరెక్కాడు.

ఎన్నికలో ఆయన ఓడిపోయాడు. కథల్లోనయితే గెలిచేవాడే. ఇల్లంతా మావైపు చూసింది. సుబ్బమ్మత్త నోరు తెరిచి అన్నది కూడా. నాయనమ్మ బియ్యంలో రాళ్లేరుతూ, తలెత్తకుండానే, "గెలిస్తే వాడి గొప్పా, ఓడితే పిల్ల తుమ్మా? ఓటెయ్యనోళ్లందరికీ ఈ పిల్లే తుమ్మిందా?" అన్నది. కాని ఆ రాత్రి ఆమె నిద్రపోలేదని పక్కన పడుకున్న నాకు తెలుసు. నాకేమో మరునాటి భయం. మళ్లీ గోతాల గదేనా?

మరునాడు పెదనాన్న చేనికి బయలుదేరుతుంటే నాయనమ్మ నన్ను లేపి తీసుకొనిపోయి అదే చోట నిలబెట్టింది. ఓడినవాని ఎదుట నిలబడడానికి నామినేషను నాటికంటె ఎక్కువ గుండె కావాలి. ఆయన చెప్పులు వేసుకొని మావంక చాలాసేపు చూశాడు. నేను తుమ్మాను. మంచం అక్కడే ఉన్నది, నీళ్లచెంబూ అక్కడే ఉన్నది. "జరగండి, ఎండెక్కుతంది" అని, కూర్చోకుండానే వెళ్లిపోయాడు. ఆ తరువాత వెనుకగదిలోకి పొమ్మని మాతో ఎవరూ అనలేదు. గోతాలు ధర పలికేదాకా ఉండనే ఉన్నాయి. తుమ్ములు ఆ యేడు తగ్గాయి, పోలేదు.

ఇప్పుడా కల్లం లేదు. కాయ కోసింది కోసినట్టే బస్తాలకెక్కి కోల్డ్ స్టోరేజీలకు పోతున్నది. వాగుగట్టున వావిలి పొదలు పోయాయి, కొమ్ముచెంబు పోయింది. అదే ఉప్పునీళ్లు ఇవాళ ప్లాస్టిక్ సీసాలో, ఆవునెయ్యి గాజుబుడ్డిలో బంగారు అక్షరాల చీటీతో, అన్ని ఎలర్జీలకూ శాశ్వత నివారణ అని అమ్ముతున్నారు. శాశ్వతమని మా నాయనమ్మ ఏనాడూ అనలేదు. ఆమె కూడా పోయి చాలా కాలమైంది. పోవలసినదొకటి మాత్రం పోలేదు.

మొన్న పెదనాన్న కొడుకైన మా అన్నయ్య ఇంటికి వెళ్లాను. ఆయన కూతురు మొదటి ఉద్యోగంలో చేరడానికి ఆ ఉదయమే బయలుదేరుతున్నది. మావారు పోయి రెండేళ్లయింది. వదిన నా చేతికి కాఫీ ఇచ్చి, ఎంతో మృదువుగా, "పిల్ల బయల్దేరతంది, కాసేపు లోపల కూర్చుంటావా అమ్మాయ్?" అన్నది. నేను కాఫీ గ్లాసు కింద పెట్టి, లేచి, వీధిగేటు దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. చలిగాలి కొట్టింది. తుమ్ము వచ్చింది, ఆపుకోలేదు. పిల్ల బండి స్టార్టు చేసి, "వస్తానత్తా" అని చెయ్యి ఊపుతూ నన్ను దాటి వెళ్లిపోయింది. కూతురు ఆగి కూర్చుంటుందేమోనని తెచ్చిన మంచినీళ్ల గ్లాసుతో వదిన గడపలోనే నిలబడిపోయింది. నేను గడపదాకా వెనక్కు వచ్చి, చెయ్యి చాచి ఆ గ్లాసు తీసుకొని, నీళ్లన్నీ తాగాను.