మా అత్తగారి గదిలో పొగ

మా అత్తగారు మంగాయమ్మ డెబ్బై ఏళ్ళపాటు ఎవరి కంటా పడకుండా దొడ్డికి వెళ్ళొచ్చిన మనిషి. తెల్లవారకముందే పెరట్లోకి వెళ్ళి, ఇల్లు లేచేసరికి స్నానం కూడా కానిచ్చేసేది. యానాం నుంచి కోడలినై వచ్చిన నాకు ఆ మడీ ఆ గుట్టూ చూస్తే ఒళ్ళు మండేది.

1983లో ఆవిడ తుంటి విరిగింది. పెరడు దూరమైపోయింది. ఫ్రెంచి సైన్యంలో చేసి పింఛను మీద ఉన్న మా బావగారు, కరెంటు మీద నడిచే కక్కసు ఒకటి ఓడలో తెప్పించి ఆవిడ గదిలో పెట్టించారు. నీళ్ళక్కర్లేదు, అంతా కాల్చి బూడిద చేస్తుందట! పొగ పోవడానికి డాబా మీదికి గొట్టం, అందులో ఫ్యాను, గోడకి దాని స్విచ్చి.

వారం తిరక్కుండానే గది నిండా మాడు కంపు. ఆవిడ మంచినీళ్ళు ముట్టడం మానేసింది. నీళ్ళు తాగకపోతే, తుంటి విరిగినప్పుడు పట్టుకున్న మూత్రపు జ్వరం తిరగబెడుతుందనీ, ఈసారి బతికించడం కష్టమనీ డాక్టరు చెప్పాడు. ఆ కంపుకు జడిసే తాగడం లేదనుకుని, ఫ్యాను బిగించిన ఆదిమూలం ప్రాణం తోడేశాను.

మూడోసారి వచ్చి, డాబా ఎక్కి, గొట్టం ఊడదీసి చూసి, చెమటలు కక్కుతూ దిగాడు.

"గొట్టంలో ఏమీ లేదక్కా. ఫ్యాను బాగానే తిరగతా ఉండాది. నన్నేం చెయ్యమంటావు?"

"మరి ఆ పొగంతా నా నెత్తికెక్కుతోందేం?"

అంతలో లోపల ఫ్యాను మోత ఆగింది. విసురుగా తలుపు నెట్టాను. కక్కసు మీద కూర్చున్న చోటునుంచే చేతికర్రతో స్విచ్చి ఆపేస్తోంది అత్తగారు!

"నా ఖర్మ! ఇన్నాళ్ళూ మీరేనా అత్తయ్యా? పాపం ఆ మనిషిని నోటికొచ్చినట్టు తిట్టానే!"

ఆవిడ ముఖం గోడవైపు తిప్పుకుంది.

"అది మోగితే తెరువులో జనమంతా ఇంటారు గదమ్మే. మంగాయమ్మ కూసుండాదని ఊరికి చాటింపా? సిగ్గుగా ఉండాది నాకు. అందుకే నీళ్ళే తాగేది లేదు."

మెల్లిగా తలుపు మూశాను.

వసారాలో ఉన్న ఆదిమూలం అంతా విన్నాడు. ఆవిడ మంచమెక్కాక లోపలికొచ్చి, స్విచ్చి పీకేసి, తీగలు నేరుగా కలిపేశాడు.

"ఇంక ఇది ఆగదు పెద్దమ్మా. పగలూ రాత్రీ తిరగతానే ఉంటాది. నువ్వెప్పుడు కూసున్నావో ఎవురికీ తెలీదు."

ఏం మోత, దేవుడా! రేడియో వినపడదు, పిలిస్తే ఎవరూ పలకరు. మధ్యాహ్నం అత్తగారు గదిలోంచి ఏదో కేకేసింది.

"ఏమిటండీ? వినపడి చావట్లేదు!" అంటూ విసుక్కుంటూ వెళ్ళాను.

ఆవిడ ఖాళీ గ్లాసు ఎత్తి చూపించింది.