డోర్నకల్ మీదికి నా దండయాత్ర

అక్క ఉత్తరం రాసింది. "కడుపుల గడ్డ ఉన్నదన్నరు. బేస్తవారం ఆపరేషన్. ఒక్కసారి రా తమ్మీ." మూడేళ్ళలో ఆమె నుంచి వచ్చిన మొదటి ఉత్తరం. అందులో ఉన్నది అంతే. నేను మాత్రం అందులో లేని ముక్క ఒకటి చదువుకున్నాను: మూఢత్వం నుంచి నన్ను కాపాడు అని. ఆ సాయంత్రమే సెలవు చీటీ రాసిచ్చి సంచీ సర్దాను.

అక్కా నేనూ పెరిగింది వరంగల్‌లో ఒక ప్రార్థన మందిరం నీడన. పేరు అనవసరం. మా దృష్టిలో ప్రపంచంలో రెండే రకాల మనుషులు: రక్షణ పొందినవాళ్ళు, లోకస్థులు. రక్షణ పొందినవాళ్ళందరం ఒక రేకుల షెడ్డులో పట్టేవాళ్ళం. మిగతా భూగోళమంతా నరకానికి పోతుందని మాకు పెద్ద బాధేమీ ఉండేది కాదు. పూలు, సినిమాలు, పండుగ పిండివంటలు, దవాఖాన మందులు అన్నీ లోకానివే. జ్వరం వస్తే ప్రార్థన చేసేవాళ్ళు. తగ్గకపోతే విశ్వాసం చాలలేదని రోగికే చీవాట్లు పెట్టేవాళ్ళు.

ఇరవై ఆరేళ్ళకు అక్కడినుంచి బయటపడ్డాను. బయటపడి ఏం చేశాను? నెల తిరక్కుండా హేతువాదుల సంఘంలో చేరాను. శనివారం సాయంత్రాలు ఒక ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద మీటింగు. అక్కడా రెండే రకాలు: ఆలోచించేవాళ్ళు, మూఢులు. ఆలోచించేవాళ్ళం పదకొండుమందిమి. అందులో నలుగురు సరిగ్గా ఆలోచించడం లేదని మిగతా ఏడుగురి అనుమానం. ఏ తంతులోనూ తల వంచను, కళ్ళు మూయను అని చేరిన రోజే సంతకం పెట్టాను. బాప్తిస్మం రోజున కూడా అంత భక్తిగా నిలబడలేదు.

అక్క భర్త ప్రకాశం బావ రైల్వేలో ఫిట్టరు. డోర్నకల్‌లో ఆ మందిరం వాళ్ళ ప్రార్థనలన్నీ ఆయన ఇంట్లోనే మొదలయ్యాయి. ఆపరేషన్‌కు అడ్డం పడేది ఆయనేనని తేల్చేసుకున్నాను. ఎవరినీ అడగలేదు.

బుధవారం పొద్దున ఏడింటికి వరంగల్ స్టేషన్‌లో ప్యాసింజర్ ఎక్కాను. టికెట్ మూడు రూపాయల చిల్లర. సంచీలో రెండు జతల బట్టలు, మా సంఘం కరపత్రాల కట్ట. ఒకప్పుడు మందిరం కరపత్రాలు మోసిన సంచీ అదే. పంచే పద్ధతీ మారలేదు. నెక్కొండ దాకా ఒక పెట్టె, అక్కడ దిగి పక్క పెట్టె. కాగితం చదివినవాడు మనవాడు, పల్లీలు పోసుకున్నవాడు పనికిరానివాడు.

ఎదురుగా ములుగు వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కూర్చుంది. మానుకోటలో కూతురి దగ్గరికి పోతోంది. కొంగుముడి విప్పి, జాతర నుంచి ప్రసాదంగా తెచ్చిన బెల్లం ముక్క నా ముందుకు చాపింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఎందుకు బిడ్డా, చక్కర బీమారి ఉన్నదా?"

"నాకు వీటి మీద నమ్మకం లేదమ్మా."

"బెల్లం మీద నమ్మకమెందుకు బిడ్డా, తియ్యగుంటది" అని తనే నోట్లో వేసుకుంది.

పెట్టెలో నలుగురూ నవ్వారు. పదేళ్ళ కిందట ఇదే లైనులో ఇలాంటి బెల్లమే వద్దన్నాను, విగ్రహాలకు పెట్టిందని. ఇప్పుడు వద్దన్న కారణం వేరు. కానీ ముక్కు చిట్లించిన తీరు అణువంతైనా మారలేదు. ఈ సంగతి అప్పుడు తోచలేదు. అప్పుడు తోచింది ఒక్కటే, ఈ దేశం బాగుపడదని.

మానుకోటలో రెండు వడలు, చాయ్. పదింబావుకు డోర్నకల్. రిక్షాలో నేరుగా దవాఖానకు పోయాను. వరండాలో బెంచీ మీద బావ ఉన్నాడు. గడ్డం పెరిగింది, కళ్ళు లోపలికి పోయాయి.

"చూడు బావా, సైన్సు ఇంత పెరిగిన ఈ కాలంలో..." అని మొదలుపెట్టాను.

"కాగితం మీద దస్కత్ జేసిన. రక్తం గూడ ఇచ్చిన" అన్నాడు. "నువ్వు చాయ్ తాగినవా?"

దారి పొడుగునా నూరుకున్న వాదనలు పక్కన పెట్టి బెంచీ మీద కూర్చున్నాను. సంగతి మెల్లగా బయటపడింది. ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడని పెద్దలు ఆయన్ను మందిరానికి రావద్దన్నారట. రోజూ ఇంటికొచ్చి అన్నం తినిపోయే మనుషులు అక్కను చూడటానికి కూడా రాలేదట. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

"మంచిదే అయింది! ఇక నువ్వు మా వైపు" అన్నాను.

"ఏ వైపు బామ్మర్దీ? మీ అక్క మంచిగైనంక మళ్ళ ఆడికే పోత. లోపటికి రానియ్యకుంటే మెట్ల మీద కూసుంట."

నాకు ఒళ్ళు మండింది. ఆ పెద్దలకూ ఇదే మనిషి మీద ఇలాగే మండి ఉంటుంది.

గురువారం పొద్దున ఎనిమిదింటికి స్ట్రెచర్ తెచ్చారు. ఆకుపచ్చ గౌనులో అక్క చిన్నపిల్లలా కనబడింది. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. బావ నా భుజం పట్టుకున్నాడు.

"నువ్వు ప్రార్థన చెయ్యి. నాకు నోరు తిరుగుతలేదు. నువ్వు మంచిగ చేసేటోనివి."

నిజమే, పదహారేళ్ళకే అరగంట ఆపకుండా చేసేవాణ్ణి. ఇప్పుడు నా సంతకం అడ్డొచ్చింది. "బావా, నేను కళ్ళు మూయను. అది నా సిద్ధాంతం" అన్నాను. అవును, అక్క స్ట్రెచర్ మీద ఉండగా అన్నాను.

అక్క నా వైపు తిరిగింది. "దేవుడు లేకపోతే లేకపాయె తమ్మీ. నేనున్న గద. నాతోని మాట్లాడు."

సిగ్గుతో చచ్చిపోయాను. లోపలికి పోయిన మనిషి తిరిగి రాకపోతే ఎలా అని అప్పుడు తోచింది. మందిరంలో ఉందన్న ఒక్క కారణానికి మూడేళ్ళు ఆమె గడప తొక్కలేదు. చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, నువ్వు బయటికొచ్చేదాక నేను ఈడనే ఉంట. యాడికీ పోను" అన్నాను. కళ్ళు ఎప్పుడు మూసుకున్నానో నాకే తెలియదు.

"ఆమెన్" అంది అక్క. బావ అదే మాట అన్నాడు. పని తెమలడం లేదని విసుగ్గా నిలబడ్డ నర్సు కూడా అంది.

పదకొండున్నరకు డాక్టరమ్మ బయటికొచ్చి గడ్డ తీసేశామనీ, భయం లేదనీ చెప్పింది. నేను వరండా స్తంభం చాటుకు పోయి ఏడ్చాను.

ఆదివారం దాకా బావ క్వార్టర్‌లోనే ఉన్నాను. వంతులవారీగా అక్క దగ్గర కూర్చున్నాం. భోజనానికి ముందు బావ ప్రార్థన చేసేవాడు, సాగదీసి. నేను కళ్ళు తెరుచుకునే, కంచం ముట్టకుండా ఆగేవాణ్ణి. పప్పు చల్లారిపోయేది.

ఆదివారం రెండున్నరకు తిరుగు ప్యాసింజర్. ఈ దారిన పోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఇంజనుకు దగ్గరి పెట్టె ఎక్కితే బొగ్గునుసి కళ్ళలో పడుతుంది. మానుకోటలో వడలు వేడిగా ఉంటేనే కొనాలి. వాదనలు ఇంట్లోనే తయారుచేసుకుని బయల్దేరితే, దిగేసరికి పనికిరావు.

ఎదుటి బెంచీ మీద తొర్రూరు వైపు పత్తి రైతు ఒకాయన కూర్చున్నాడు. చేతికి తాయెత్తు. ఆయన నోరు తెరవకముందే నా బుర్ర ఆయన్ను మూఢుల్లో వేసేసింది. అలవాటు అంత తొందరగా పోదు.

"ఏ మతపోళ్ళు సారూ మీరు?" అన్నాడు.

దీనికి నా దగ్గర ఒక గంట ప్రసంగం ఒకప్పుడు ఉండేది. ఈ మూడేళ్ళుగా ఇంకో గంటది ఉంది. రెండూ నాలుక మీదికి వచ్చాయి.

"డోర్నకల్ల సుగుణమ్మ తమ్ముణ్ణి" అన్నాను.

సుగుణమ్మ ఎవరో ఆయనకెలా తెలుస్తుంది? అయినా తల ఊపాడు. "జేబుల దవాఖాన చీటీ కనబడ్తాంది. ఎట్లున్నది మీ అక్క?"

"మంచిగున్నది. పొద్దుగాల గంజి తాగింది" అన్నాను.