మూడు కాళ్ళవాడికి ఎదురెళ్ళినదాన్ని

“సారూ, మన సిన్మ ఎప్పుడొస్తదట?”

“అది వచ్చేదాక ముసలిదానివి గాకు లచ్చవ్వా. మల్ల నిన్నెవలు గుర్తుపడ్తరు?”

మక్తల్ బస్టాండులో, బస్సు కిటికీలోంచి నర్సింలు సారు నాతో అన్న చివరి మాట అదే. కూతురి ఊరికి వెళ్ళిన వారానికే పోయాడు. ఈ పొద్దు మా తలుపులకు ఆకుపచ్చ రంగు వేస్తుంటే, ఆ ఘాటు వాసనకు ఆయన నవ్వు గుర్తొచ్చింది. నా చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మా కోడలు అనిత రాస్తోంది.

సారు మా పక్కింటాయన, పంతులు పని చేసి రిటైరయ్యాడు. ఆయన ఒక నవ్వుల నవల రాశాడు. అందులో వేరే గ్రహం నుంచి మూడు కాళ్ళవాడొకడు దారి తప్పి గొర్రెల మందలో దిగుతాడు. గొర్రెలే ఈ లోకానికి పెద్దలనుకుని వాటికి దండం పెడతాడు. సారు అరుగు మీద కూర్చుని చదువుతుంటే నేను కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు హైదరాబాదు నుంచి ఒక డైరెక్టరమ్మ వచ్చి, దాన్ని సినిమా తీస్తానంది.

మూడు కాళ్ళవాడికి మొదట ఎదురుపడేది గొర్రెలు కాసే అవ్వ. ఆ వేషం ఎవరికివ్వాలన్నదే గొడవ. ఆమె వెంట వచ్చిన సినిమా మేనేజరు ఒక పట్నం నటి ఫోటో చూపించాడు.

“ఈమె చేతికి కట్టె ఇస్తె సెల్ఫీ దిగుతది,” అన్నాడు సారు. “మా లచ్చవ్వను పిలువుండ్రి. ఆ గరగర గొంతు ఒకసారి వినుండ్రి.”

పిలిచారు. ఒంటినిండా ఇలాంటి ఘాటు వాసన కొట్టే ఆకుపచ్చ రంగే పూసుకుని, చెక్క కాలొకటి కట్టుకున్న నటుణ్ణి నా ముందు నిలబెట్టారు. వాణ్ణి చూసి కేక పెట్టి పారిపోవాలట. అంత దూరం నుంచి వచ్చినవాణ్ణి చూసి పారిపోవడమేమిటి? చెంబుతో నీళ్ళు తెచ్చాను.

“ఏ కాలు ముందుగాల కడుక్కుంటవ్ కొడుకా?”

సారూ, డైరెక్టరమ్మా నవ్వీ నవ్వీ కింద కూలబడ్డారు. వేషం నాదైంది.

ముహూర్తం రోజు కొబ్బరికాయ కొట్టబోతుంటే మేనేజరు గొణిగాడు. “మొదటి షాట్ ఈమె మీద వద్దు సారూ. భర్త లేనామె.”

ఆయనను ఏమనగలను? నా మొగుడు పోయిన నాటి నుంచి ఎవరైనా పనిమీద బయలుదేరితే నేనే గోడచాటుకు తప్పుకునేదాన్ని. కట్టె తీసుకుని ఇంటిదారి పట్టాను. సారు ఉరికొచ్చి అడ్డం నిలబడ్డాడు.

“యాడికి?”

“ఇంత పెద్ద పనికి నేనెదురొస్తె మంచిగుంటదా సారూ?”

“నువ్వెవనికి ఎదురొస్తున్నవ్? ఆకాశంకెళ్ళి దిగినోనికి! మొగుడున్నామె, లేనామె అన్న లెక్క వానికెవడు చెప్పిండు? మనమే చెప్పాలె. నేనైతే చెప్ప.” మేనేజరు వైపు తిరిగాడు. “ఈమె లేకుంటె నా కథ నాకు వాపస్ ఇయ్యుండ్రి.”

కొబ్బరికాయ పగిలింది. నేను తలెత్తి నడిచాను. మూడు కాళ్ళవాడు వంగి దండం పెట్టగానే షూటింగు మందలో కలిపిన మా ఇంటి పొట్టేలు వెనక నుంచి కుమ్మింది. చెక్క కాలు ఊడి దొర్లిపోయింది. అందరికంటే ఎక్కువ నవ్వింది మేనేజరే.

సినిమా ఇంకా రాలేదు. వస్తే వస్తుంది. ఆ రోజు నుంచి మాత్రం నేను గోడచాటుకు తప్పుకోలేదు.

అనితా, రేపు నువ్వు కొత్త కొలువుకు పోతున్నవు గదా. పొద్దుగాల వాకిట్ల నేనే ఎదురొస్త. నవ్వకు, ఇది గూడ రాయి. రాసినవా? ఇగ మొదటికెళ్ళి జర సదువు, వింట.