వంటింటి నడుమ గద్దె

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వేసవిలో పెళ్లి చేసుకుని ఆషాఢంలో వంటిల్లు కూలగొట్టినవాడి గతి ఏమిటో మాత్రం చెప్పలేదు. అంతటి మొనగాడు పుడతాడని వాళ్లు అనుకుని ఉండరు. పుట్టాడు. నల్లగొండలో, పానగల్ పోయే తోవలో, మూడు గదుల పెంకుటింట్లో ఉండేవాడు. పది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు ఉన్న గదిలో ఒక్క మనిషి ఎంత విధ్వంసం చేయగలడో చూడాలంటే నా కథ వినాల్సిందే. తుపాను వార్తలు రాసిన చేయి కాబట్టి కాస్త పెంచి చెబుతానేమోనని మీకు అనుమానం రావచ్చు. ఈ ఒక్క విషయంలో పెంచాల్సిన అవసరం పడలేదు.

ఎనభైల చివరి మాట. నేను ఒక దినపత్రికకు జిల్లా విలేకరిని. పత్రికలవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. పొద్దున బత్తాయి తోటల తెగుళ్ల మీద రాస్తాం, మధ్యాహ్నం ఎండిన బోర్ల మీద, సాయంత్రం కవి సమ్మేళనం మీద. ఏడాది తిరిగేసరికి లోకంలో మనకు తెలియనిది లేదనిపిస్తుంది. నాకు అప్పటికి ఆరేళ్ల సర్వీసు. అంటే రోగం బాగా ముదిరింది.

మా వంటిల్లు అమ్మ రాజ్యం. ఒక మూల రెండు కండ్ల మట్టిపొయ్యి. దాని ముందు పీట. పీట మీద అమ్మ. కుడిచేతికి ఉప్పు గురిగి, ఎడమచేతికి కారం డబ్బా, తల పక్కన గోడగూట్లో పసుపు, చింతపండు, వెనక్కి చేయి చాస్తే నీళ్ల బిందె. పొయ్యి ముందు కూర్చున్నదంటే, పదిమంది చుట్టాలొచ్చినా జొన్నరొట్టెలు కొట్టి, పప్పు చేసి, తొక్కు నూరి, అప్పుడు లేచేది. మధ్యలో ఒక్కసారి లేస్తే ఆ రోజు కూరలో ఏదో తప్పు జరిగిందని అర్థం. రొట్టె కొట్టేటప్పుడు ఒక మోకాలు పైకి మడిచి, ఒళ్లంతా అరచేతిలోకి తెచ్చి తట్టేది. వీధిలోకి వినపడేది ఆ చప్పుడు. ఆ చప్పుడు వింటూనే నాకు ఆకలి పుట్టేది. ఆ మూలను ఎవరో కొలిచి కట్టినట్టు అమ్మ ఒంటికి సరిపోయిందని అప్పుడు నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఇప్పుడు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

పెళ్లయిన కొత్తలో నా భార్య సుగుణ ఆ పొయ్యి ముందు కూర్చుని కండ్లు తుడుచుకోవడం రెండుసార్లు చూశాను. వాళ్లది పాలమూరు. వాళ్లింట్లో గోడవారన గట్టు కట్టుకుని, నిలబడి గ్యాసు మీద వండుతారు. ఇంకేముంది, పొగకు ఏడుస్తున్నదని తేల్చేశాను. ఆమెను ఒక్క మాట అడిగానా అంటే లేదు. మంత్రులనైనా నాలుగు ప్రశ్నలు అడిగి గానీ వార్త రాయనివాణ్ని, ఇంట్లో మాత్రం వివరణ తీసుకోకుండానే అచ్చేశాను.

ఆషాఢం రాగానే, కొత్త కోడలు అత్తగారింట్లో ఉండొద్దు కనుక, సుగుణ పుట్టింటికి వెళ్లింది. నా చేతిలో నెల రోజులు. పేరు రాయించుకున్న మూడేళ్లకు గ్యాసు కూడా అప్పుడే వచ్చింది. ఇక గట్టు ఏ తీరుగా కట్టాలన్నదే మిగిలింది.

దానికి జవాబు నార్కట్‌పల్లి చౌరస్తాలో మిరపకాయ బజ్జీల కింద దొరికింది. బస్సు కోసం ఆగి రెండు బజ్జీలు అడిగితే, హోటలాయన ఏదో విదేశీ పత్రిక కాగితంలో కట్టి ఇచ్చాడు. బజ్జీలు తిన్నాక కాగితం చూస్తే అందులో ఒక వంటిల్లు. పసుపుపచ్చ అల్మారాలు, గది నట్టనడుమ ఒక పెద్ద గట్టు, దాని మీద పొయ్యి, పొయ్యి ముందు నవ్వుతూ ఒక తెల్లదొరసాని. ఆ గదిలో మా ఇల్లు మొత్తం పెట్టి, చుట్టూ మేకలను కూడా కట్టేసుకోవచ్చు. నా కంటికి గది కనపడలేదు. గట్టు ఒక్కటే కనపడింది. నూనె కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. చొక్కా పోయింది. దాన్ని పెద్దగా లెక్కచేయలేదు. అసలు నష్టం ముందుంది.

ఖాజా మేస్త్రీని పిలిచాను. మా పేటలో సగం ఇండ్లు ఆయన చేతి మీదనే లేచాయి. వచ్చి వంటింట్లో నాలుగు మూలలూ చూసి, అడిగాడు.

"సీదా గట్టు గావాల్నా సార్, మూల మలిగిన గట్టు గావాల్నా? నల్లగొండల నేను కట్టేటివి గీ రెండే తీర్లు."

"రెండూ వద్దు. నడుమ కట్టాలె," అని కాగితం చూపించాను.

ఖాజా కాగితాన్ని వాసన చూశాడు. "బజ్జీలు మంచిగుంటయా సార్ ఆడ?"

"బజ్జీల సంగతి ఇడిసిపెట్టు. గట్టు చూడు."

చూశాడు. గదిని చూశాడు. మళ్లీ కాగితాన్ని చూశాడు. "నడుమ గద్దె కడితె పీర్ల పండుగకు పీర్లను నిలబెడ్తరు సార్. గీడ అన్నం ఎట్ల వండుతరు?"

"ఇది కొత్త పద్ధతి ఖాజా భాయ్. నీకు తెల్వది."

"తెల్వదు సార్," ఒప్పుకున్నాడు. "ఎత్తెంత?"

"మూడడుగులు."

"అమ్మనొకసారి పిలువుండ్రి. నేను వండేటామెను నిలబెట్టి, మోచెయ్యి కాడికి దారం కొలుస్త. ఇంటికో ఎత్తుంటది."

"అక్కర్లేదు. గీ పుస్తకం కాగితంల రాసి ఉన్నది."

"పుస్తకం వండుతదా సార్?"

ఆ ప్రశ్నను పక్కన పెట్టి, పని మొదలుపెట్టమన్నాను. పాఠకుల ఉత్తరాలకు కూడా నేను జవాబు ఇచ్చేవాణ్ని కాదు.

మట్టిపొయ్యి కూలగొట్టిన రోజు అమ్మ వాకిట్లో మూడు రాళ్లు పెట్టుకుని వండింది. గోడవారన నిలబడి లోపలికి చూసింది.

"ఎవలకు రా నర్సిమ్మా గిదంత?"

"నీ కోడలికే అమ్మా. పొగకు ఏడుస్తాంది పాపం."

"కోడలు వండుతే మరి నేనేడ కూసోవాలె?"

"నువ్విగ వండుడెందుకు? కూసొని తిను."

కొడుకు అనాల్సిన మంచి మాట అనే అన్నాను. అమ్మ రాళ్లపొయ్యి దగ్గరికి వెళ్లి కట్టెను లోపలికి తోసింది. "కూసొని తినేటందుకైతె కట్టంగూరుల మీ అక్క లేదా? మీ ఆషాఢం అయిపోనియ్. ఆడికే పోత."

నవ్వులాటకు అన్నదనుకున్నాను. అమ్మ నవ్వులాటకు ఎప్పుడూ చీరలు మడతపెట్టుకోదని సాయంత్రానికి గానీ తెలియలేదు. మడతపెట్టిన నాలుగు చీరలు ట్రంకుపెట్టె మీద కనపడ్డాయి. నాయిన పోయినప్పటి నుంచి అమ్మా నేనే. అమ్మ లేని ఇల్లు నేను ఎన్నడూ చూడలేదు. అయినా పని ఆపలేదు. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. ఇద్దరి కంటే బలవంతుడు సగం కట్టిన గట్టు ఉన్నవాడు.

గట్టు లేచింది. అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, మీద నున్నగా తాండూరు బండ. గ్యాసు గొట్టం పొట్టిది కావడం వల్ల సిలిండర్‌ను కూడా నడుమనే, గట్టుకు ఆనించి నిలబెట్టాల్సి వచ్చింది. ఉప్పు కావాలంటే గట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ. పసుపు కావాలంటే ఇంకొకటి. పప్పు తాలింపు అయ్యేసరికి పదకొండు ప్రదక్షిణలు పూర్తయ్యి, మొక్కు తీరేది.

పక్కింటి లచ్చమ్మ చూడవచ్చి, గడపలోనే చెప్పులు విడిచింది.

"ఏ తల్లిని నిలుపుతున్నరక్కా?"

"నాకేం ఎరుక? నా కొడుకునడుగు," అన్నది అమ్మ.

లచ్చమ్మ నన్ను అడగలేదు. మరునాడు పసుపు, కుంకుమ తెచ్చి నాలుగు మూలలా బొట్లు పెట్టిపోయింది. శుక్రవారం నాడు ఇంకెవరో టెంకాయ కొట్టారు. నేను బొట్లు తుడవబోతే అమ్మ చేయి పట్టుకుంది.

"పెట్టిన బొట్టు తుడుస్తవా? పాపం తగుల్తది."

"అమ్మా, గిది పొయ్యి పెట్టే గట్టు."

"గట్టు గోడకుంటది బిడ్డా. నడుమ ఉండేది గద్దె."

ఇక వంట సంగతి. అమ్మ ఎత్తు నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు. గట్టు మీద పొయ్యి, పొయ్యి మీద గిన్నె పెడితే గిన్నె అంచు సరిగ్గా అమ్మ గడ్డం దగ్గరికి వచ్చేది. లోపల ఏం జరుగుతున్నదో ఆమెకు కనపడేది కాదు. వాసన చూసి చెప్పేది. పప్పు పొంగితే తెలిసేది, మాడితే తెలిసేది, ఆ రెంటికీ నడుమ ఏం జరిగినా తెలిసేది కాదు. జొన్నరొట్టె అసలు కుదరలేదు. నిలబడి, చేతులు పైకెత్తి తట్టితే ఒంటి బరువు పిండి మీద పడదు కదా. మొదటి రొట్టె నడుమకు పగిలింది. రెండోది అంచులు విడిచింది. మూడోదాన్ని అమ్మ మళ్లీ ముద్ద చేసి, మూత పెట్టేసింది. ఆ తరవాత మూడు వారాలు మూడు పూటలా అన్నమే. పుట్టి బుద్ధెరిగాక అన్ని రోజులు రొట్టె లేకుండా ఉండటం అదే మొదలు.

కూలగొట్టిద్దామంటే ఖాజా దేవరకొండలో వేరే పని మీద ఉన్నాడు. శ్రావణం వచ్చేసింది. సుగుణను దింపడానికి మామగారు వస్తున్నట్టు జాబు రాశారు. అంతకుముందే నేను ఆయనకు రెండు పేజీల ఉత్తరంలో మా 'నవీన వంటశాల'ను వర్ణించి ఉన్నాను. ఆ పొద్దున అమ్మను బతిమాలాను.

"అమ్మా, మామ ముంగట మాత్రం జర నిలబడి వండు."

"వండుత. మాపటి బస్సుకు నన్ను కట్టంగూరు ఎక్కియ్యి," అన్నది. పెట్టెకు తాళం కూడా వేసి ఉంది.

బస్టాండులో సుగుణ చేతిలో సంచి అందుకుంటూ గొప్పగా చెప్పాను. "ఇగ నీ కండ్లల్ల పొగ పడదు."

"పొగేంది?"

"పొయ్యికాడ ఏడ్చినవు గదా, రెండుసార్లు."

"పొగకెవలు ఏడ్చిన్రు? మా అమ్మ యాదికొచ్చింది. అత్తమ్మ రొట్టె కొడుతుంటె ఆ చప్పుడు అచ్చం మా అమ్మ లెక్కనే ఉంటది." కాసేపు నడిచి, అనుమానంగా అడిగింది. "ఏం చేసినవు నువ్వు?"

చెప్పే ధైర్యం లేక మామగారికి ఊరు చూపించడం మొదలుపెట్టాను. గడియార స్తంభం చూపించాను, గుట్ట చూపించాను. మా వీధి మలుపు తిరిగాక నోరు ఆగిపోయింది. మా ఇంట్లోంచి చప్పుడు వస్తున్నది. రొట్టె కొడుతున్న చప్పుడు. పగిలే రొట్టెది కాదు, అసలైనది. కాలుతున్న జొన్నపిండి వాసన వాకిట్లోకి వచ్చింది.

మామగారు ముందు, సుగుణ వెనుక, అందరి కంటే వెనుక నేను. వంటింటి గడపలో మామగారు ఆగిపోయారు. ఆయన భుజం మీంచి నేనూ చూశాను.

అమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. సిలిండర్ మీద కాలు పెట్టి ఎక్కినట్టుంది. ఒక మోకాలు పైకి మడిచి, ముందర పొయ్యి, కుడిచేతికి ఉప్పు, ఎడమచేతికి కారం, వెనక నీళ్ల చెంబు. తల వెనకాల సరిగ్గా బల్బు. కింద నాలుగు మూలలా పసుపు బొట్లు. మామగారు అనుకోకుండా చెప్పులు విడిచారు. చేతులు సగం దాకా లేచాయి, మధ్యలో సంగతి అర్థమై, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మీసం దువ్వుకున్నారు.

"అక్కా," అన్నారు మెల్లగా, "మీదికెందుకెక్కినవ్?"

అమ్మ రొట్టె తిప్పింది. "నీ అల్లుడు వంటింట్ల నాకు జాగ లేకుంట చేసిండు తమ్మీ. వెతికితె గిదొక్కటే దొరికింది. పోయేముందు కోడలికి నాలుగు రొట్టెలు కొట్టిపోదామని ఎక్కిన."

"ఏడికి పోతవ్ అత్తమ్మా?" సుగుణ అడిగింది.

"కట్టంగూరు. ఇగ గీ వంటిల్లు నీది బిడ్డా."

సుగుణ గట్టును చూసింది, సిలిండర్‌ను చూసింది, చివరికి నన్ను చూసింది. ఆ చూపు గురించి నేను ఎక్కడా రాయలేదు, ఇక్కడా రాయను. చీర కుచ్చిళ్లు దోపుకుని సిలిండర్ మీద కాలు పెట్టింది.

"జర జరుగు అత్తమ్మా. నాకు గింత పెద్ద వంటిల్లు ఒక్కదానికి చేతగాదు. నువ్వు కొట్టు, నేను కాలుస్త."

అమ్మ కారం డబ్బాను పక్కకు తోసింది. తరవాత జరిగింది. అయిదడుగుల గట్టు మీద ఇద్దరూ ఎదురెదురుగా, నడుమ పొయ్యి. అమ్మ కొట్టిన రొట్టె సుగుణ పెనం మీద పడుతుంటే, ఇద్దరూ పాలమూరు జొన్న మంచిదా, నల్లగొండ జొన్న మంచిదా అని వాదులాటలోకి దిగారు. కట్టంగూరు మాట ఎవరూ ఎత్తలేదు. మాపటి బస్సు వెళ్లిపోయింది. పెట్టె తాళం అమ్మే తీసింది.

నేనూ మామగారూ ఎక్కడ కూర్చోవాలి? కింద పీట వేస్తే గట్టు చాటున పడి, రొట్టె ఎక్కడి నుంచి వస్తుందో కనపడదు. చివరికి చెరో పక్కన నిలబడి, పళ్లేలు తాండూరు బండ మీద పెట్టుకుని తిన్నాం. ఎత్తు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. మామగారు నాలుగో రొట్టె చించుతూ అన్నారు.

"అల్లుడూ, నిలబడి వండే వంటిల్లని రాసినవు గదా జాబుల. గిది నిలబడి తినేది."

గద్దె తరవాత చాలా ఏండ్లు ఉంది. ఖాజా గడ్డపారతో వచ్చినప్పుడు అమ్మే అడ్డుపడింది, బొట్లున్న గద్దెను కూలగొడతారా అని. అంతకుముందు నన్ను కింద కూర్చుని తలెత్తి తిట్టేది. ఇప్పుడు మీదినుంచి, తీరుబడిగా తిట్టేది. వీధి ఆడవాళ్లు చుట్టూ నిలబడి పంచాయితీలు చెప్పుకునేవాళ్లు. అమ్మ పోయాక ఆ బండ మీద ఎవరూ కూర్చోలేదు. తొంభైల చివర్లో ఇల్లు మళ్లీ కట్టేటప్పుడు సుగుణే దాన్ని తీయించింది. ఆ రోజు పొగ లేకుండానే నేను కండ్లు తుడుచుకున్నాను. ఎందుకని ఎవరూ తీర్పు ఇవ్వలేదు, మా ఇంట్లో వాళ్లు నాకంటే తెలివైనవాళ్లు.

కనుక నల్లగొండ పట్టణం సాక్షిగా, తిన్న జొన్నరొట్టెల సాక్షిగా, చిత్తశుద్ధితో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వంటింట్లోకైనా ఆకలితో తప్ప అభిప్రాయంతో అడుగు పెట్టను.