ఆస్టియర్ అత్తమ్మ

ఒక్క ఇంగ్లీషు విశేషణంతో కన్నబిడ్డ నర్సరీ సీటుకు ఎసరు పెట్టడం సాధ్యమేనా అని మీరు అడగవచ్చు. సాధ్యమే. నేను చేసి చూపించాను. అదీ ఏడు నిమిషాల్లో, కుర్చీలోంచి లేవకుండా.

రెండేళ్ల కిందటి మాట. మా ఆద్యకు అప్పుడు మూడున్నరేళ్లు. సిద్దిపేటలో మేముండే వీధికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉన్నది ఒకే ఒక్క మంచి బడి. అక్కడ సీటు రాకపోతే పిల్ల రోజూ ఆటోలో పదిమంది మధ్య నలుగుతూ పోవాలి. ఆ ఆటోను తలుచుకుంటేనే నాకు గుండెదడ. అసలే నేను పిల్ల తుమ్మితే దవాఖానకు దగ్గరి దారి ఏదని ఆలోచించే రకం. పైగా అక్కడ పిల్లతో పాటు తల్లిని కూడా ఇంగ్లీషులో మాట్లాడిస్తారని పక్కింటావిడ చెప్పినప్పటి నుంచి నాకు అన్నం సయించడం మానేసింది.

చదువులేనిదాన్నేం కాదు, డిగ్రీ పాసయ్యాను. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది. నోట్లోకి వచ్చేసరికి మాత్రం వానకు తడిసిన టపాకాయలా తుస్సుమంటుంది. అందుకని ఫోన్‌లో రోజుకో మాట నేర్పే యాప్ ఒకటి పెట్టుకున్నాను. ఇంటర్వ్యూ రోజు పొద్దున అది నాకు ప్రసాదించిన మాట ‘ఆస్టియర్’. అర్థం: ఆడంబరం లేని, సాదాసీదా. కింద ‘ఇంకా చదవండి’ అని కూడా ఉంది. ఒక చేత్తో పిల్ల జడ, ఇంకో చేత్తో రిబ్బను, ఇంకా ఏం చదువుతామండీ? ఆహా, మా ఇంటికి కొలతలు తీసి కుట్టించినట్టుందే ఈ మాట అనుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడంటారు. కొత్త మాట నేర్చినది సందర్భమెరుగదు.

మా ఆయన స్టీలు సామాన్ల దుకాణం వదిలి రాలేక, నాకు తోడుగా అత్తమ్మను పంపాడు. అత్తమ్మది దుబ్బాక. నూలు చీర తప్ప కట్టదు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు కానీ, ఎవరైనా మాట్లాడుతుంటే అంతా అర్థమైనట్టే తల ఊపుతూ కూర్చుంటుంది. ఆ ఊపు చూస్తే ఇంగ్లీషు మాస్టారైనా మోసపోతాడు.

ప్రిన్సిపల్ మేడం ముందు ఆద్య అదరగొట్టింది. రంగులు చెప్పింది, పది దాకా లెక్కపెట్టింది, బిస్కెట్టు ఇస్తే థాంక్యూ అంది. అప్పుడే లేచి దండం పెట్టి వచ్చేసి ఉంటే మీకిప్పుడు ఈ కథే లేదు.

“మీ ఇంటి గురించి చెప్పండి,” అంది మేడం ఇంగ్లీషులో నాతో.

గొంతు సవరించుకున్నాను. “మేడం, అవర్ హౌస్ ఈజ్ వెరీ ఆస్టియర్.”

మేడం పెన్ను ఆగింది. “ఆస్టియర్?”

ఆ ముఖంలోని ఆశ్చర్యాన్ని నేను మెచ్చుకోలు అనుకున్నాను. ఇక ఆగుతానా! “యెస్ మేడం. మై హజ్బెండ్ ఆస్టియర్. అవర్ ఫుడ్ ఆస్టియర్.” ఆ ఊపులోనే అత్తమ్మ భుజం మీద చెయ్యి వేశాను. “మై మదరిన్లా, మోస్ట్ ఆస్టియర్! పాపను పెంచేది ఈమే!”

మేడం అత్తమ్మను ఎగాదిగా చూసింది. అత్తమ్మ తల ఊపడం ఆపేసింది. నా పెళ్లయ్యాక అది ఆగడం అదే మొదలు.

మేడం ఆద్య వైపు వంగి, మెల్లగా తెలుగులో అడిగింది. “నాన్నా, ఇంట్లో ఎవరైనా కొడతారా?”

“నాయినమ్మ కొడుతది!” అంది నా బంగారుతల్లి.

“దేనితో?”

“బ్యాటుతోటి! టప్ టప్ టప్!”

“దోమల బ్యాటు మేడం! దోమలను కొడుతుంది!” అని నేను అరిచేసరికే మేడం ఫారం మీద ఏదో రాసేసింది. నడిచి వెళ్లే బడి నా కళ్ల ముందే నడిచి వెళ్లిపోతోంది.

అప్పుడు లేచింది అత్తమ్మ.

“ఆగుండ్రి మేడం. జర నన్ను మాట్లాడనియ్యిండ్రి. ఏందే స్వప్నా, బడిల గూడ ఆస్తి లొల్లేనా?”

“ఆస్తేంది అత్తమ్మా?”

“ఇనలేదనుకున్నవా? నాలుగుసార్లన్నవ్. ఇల్లు ఆస్తి, మొగడు ఆస్తి, తిండి ఆస్తి, ఆఖరికి నా భుజమ్మీద చెయ్యేసి మరీ అత్తది ఆస్తి! మేడం, మీరే చెప్పుండ్రి. చిన్నకోడూరు కాడ ఎకరంనర ఉన్నది. గది నా మన్మరాలి పేర్న రాద్దామని నా మనసుల్నే అనుకున్న. ఈమెకింకా చెప్పనే లేదు. గంతల్నే ఎవలు చెప్పిన్రో ఏమో!”

(నాకు నిజంగా తెలియదండీ. ఆ రోజు మొత్తం మీద నేను విన్న ఒకే ఒక్క మంచి వార్త అది.)

మేడంకు జాలి కలిగింది. సర్దిచెప్పబోయి పెట్రోలు పోసింది. “అమ్మా, ఆస్తి కాదు. ఆస్టియర్ అంటే కఠినంగా ఉండే మనిషి అని కూడా అర్థం. మీ కోడలు మిమ్మల్ని అలా అన్నది.”

ఇదన్నమాట ‘ఇంకా చదవండి’ కింద ఉన్నది!

“నేను కఠినమా?” అత్తమ్మ నా వైపు తిరిగింది. “బుక్కబుక్కకు ఒక కథ చెప్పి తినవెడత ఈ పిల్లకు. నేను కఠినమానే?”

“కాదత్తమ్మా! సాదా! మనం సాదా మనుషులమని చెప్పిన!”

ఫ్యాను కూడా నా వైపే చూస్తున్నట్టుంది.

“సాదానా?”

“ఔ అత్తమ్మా.”

“మరి సాదా అయితే సాదా అనొచ్చు గద! నోరు పోతదా? హోటల్ల కూసొని సాదా దోశ అంటే తెస్తలేరా? గాడ గూడ గిట్లనే ఆస్తి ఆస్తి అంటే, పట్టా కాయితాలు తెస్తరే పిచ్చిదానా!”

మేడం పెన్ను కింద పెట్టేసి నవ్వింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వింది. ఎందుకో తెలియకపోయినా ఆద్య కూడా చప్పట్లు కొట్టి నవ్వింది. చివరికి మేడం ఫారం మీద రాసింది కొట్టేసి, “సీటు ఇస్తున్నాను. బుక్కబుక్కకు కథ చెప్పే నాయినమ్మను చూసి,” అంది.

నేను పొంగిపోతుండగానే, ఫారంలో నా ఫోన్ నంబరు మీద కూడా అడ్డంగా గీత గీసింది. “అమ్మా, మీ నంబరు చెప్పండి.” అత్తమ్మ ఒక్క అంకె తడబడకుండా చెప్పింది.

“నాది ఎందుకు కొట్టేశారు మేడం?”

“రేపు పాపకు ఒంట్లో బాగోలేదని మీకు ఫోన్ చేశామనుకోండి, మీరు చెప్పే జవాబు విని నేను ఆటోను పిలవాలో పోలీసులను పిలవాలో తెలియాలి కదండీ!”

ఆ గుమ్మం దాటుతూ గుండె మీద చెయ్యి పెట్టుకుని ఘోర ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఏ ఇంగ్లీషు విశేషణాన్నైనా ముందు అత్తమ్మకు వినిపిస్తాను. ఆమె చెవిలో అది ఆస్తిగానో తిట్టుగానో మోగితే అక్కడికక్కడే పాతిపెట్టి, దినం కూడా చేస్తాను. ఈ రెండేళ్లలో ఆమె పరీక్షకు ఎన్నో మాటలు కూర్చున్నాయి. నెగ్గింది ఒక్కటే: గుడ్.