పెట్రోలు జీపులో ఐదు లీటర్ల ఆయిలు

జమ్మలమడుగు మార్కెట్ యార్డులో నేను రిపోర్టు చేసింది ఉదయం ఆరూ నలభైకి. తుపాను పట్టి అప్పటికి రెండో రోజు. ఒక్కో చినుకు నిమ్మకాయంత. గోడౌనులో మకాం. ఖాళీ గోతాల మీద టార్పాలిను పడక. చేతికిచ్చిన సరంజామా: ముప్పై మీటర్ల తాడు, ఈల, టార్చి, లైఫ్ జాకెట్టు ఒకటి, రబ్బరు బూట్లు ఒక జత. నా కాలు ఎనిమిదో నంబరు. బూట్లు పదకొండు. నా కాలు పోను ఒక్కో బూటులో ఇంకో సంసారం దిగొచ్చు.

నేను ఫౌజులో పదిహేడేళ్ళు డ్రైవరుగా చేసి వచ్చినవాణ్ణి. పుట్టింది పులివెందుల. ప్రొద్దుటూరులో డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. వరద డ్యూటీకి నీళ్ళలో బండి తోలిన మాజీ సైనికుడు కావాలని అధికారులు వెతికితే, అందరూ నా పేరే చెప్పారట. వాళ్ళ తప్పేం లేదు. టీ అంగడి బెంచీ మీద కూర్చుని నేను దాటని నది ఈ దేశంలో లేదు. నిజం ఇప్పుడు రాస్తున్నాను. నా సర్వీసంతా రాజస్థాన్ ఇసుకలో. పదిహేడేళ్ళలో నేను చూసిన అతి పెద్ద జలాశయం ఇరవై లీటర్ల క్యాను.

యార్డులో రెండు జీపులు. ఒకటి పెట్రోలు, ఒకటి డీజిలు. ఏది నడపడానికి సుఖమని మా స్కూలుకొచ్చే ప్రతివాడూ అడుగుతాడు. మొదటి రెండు రోజులూ రెండింటినీ తోలి చూశాను.

పెట్రోలు జీపు తేలిక. తాళం తిప్పాక ఇంజను మొదలైందో లేదో చేత్తో తాకి చూసుకోవాలి, అంత నిశ్శబ్దం. కాలు ఆనిస్తే చాలు, ఉరుకుతుంది. నల్లరేగడి బురదలో దాని ముక్కు దిగబడదు. కానీ కాలు తీస్తే ప్రాణం తీసుకుంటుంది. సగం క్లచ్ మీద పెట్టి కొత్తల్లుణ్ణి బుజ్జగించినట్టు బుజ్జగించాలి.

డీజిలు జీపుకు ముందు భాగంలో ఎవరో ఇనుప బీరువా దాచారు. తొక్కితే వింటుంది, ఆలోచిస్తుంది, అప్పుడు కదులుతుంది. స్టీరింగు, సీటు, నా పళ్ళు ఒకే తాళంలో వణుకుతాయి. పక్కవాడు అరిస్తే మీసం కదలడం కనబడుతుందే కానీ మాట వినబడదు. అయితే ఫస్ట్ గేరులో వేసి కాలు తీసేసినా ఆగదు. దాని మానాన అది నడుస్తూనే ఉంటుంది. లోపం ఒకటే. బ్యాటరీ చచ్చింది. గోడౌను ర్యాంపు మీద నిలబెట్టి, కిందికి దొర్లించి స్టార్టు చేయాలి.

దారి చూపడానికి నాకిచ్చిన మనిషి ఒక గొర్రెల కాపరి. అరవై దాటిన వయసు. ఇప్పుడు కొంచెం సేద్యం కూడా ఉంది, బావికి ఆయిలింజను ఉంది. రెండు జీపులనూ చుట్టూ తిరిగి చూసి తీర్పు చెప్పాడు.

"పెట్రోలుది మేకపిల్లప్పా. డీజిలుది దున్నపోతు. నీళ్ళు జూస్తే మేక నిలబడిపోతాది. దున్నపోతుకు నీళ్ళంటేనే పానం."

నేను మేకనే ఎంచుకున్నాను. నీళ్ళ విషయంలో నా అభిప్రాయమూ అదే.

మూడో రోజు. మధ్యాహ్నం మూడూ పది. సెల్ టవర్లు పోయాయి. మా వైర్లెస్ కానిస్టేబులు సెట్టు ముందు జోగుతున్నాడు. వంక అవతలి ఊరి సచివాలయం నుంచి పిలుపొచ్చింది.

"క్యాంపు, క్యాంపు, యాడుండారప్పా? ఓవర్."

"ఈడనే సచ్చినాం, చెప్పు. ఓవర్."

"దొడ్డికాడ ఒకామెను నాగుబాము కరిసినాది. సెయ్యి వాసింది. రెప్పలు వాల్తాండాయి. జల్దీ ఆసుపత్రికి తీస్కపోవల్ల. ఓవర్."

"ఎవురామె? ఓవర్."

కాసేపు గరగర. "మీకాడ దారి చూపే మామ ఉండాడే, ఆయప్ప పెండ్లాం. ఓవర్."

కాపరి పక్కనే బీడీ ముట్టిస్తున్నాడు. అగ్గిపుల్ల వేలి దాకా కాలింది. విసిరేయలేదు.

నేను తాడు చుడుతూ అరిచాను. "మామా, పెట్రోలు బండికి ఆయిలు తగ్గింది. లీటరు పొయ్యి, పోదాం!"

పొద్దున చూసుకున్నాను, ఇంజను ఆయిలు గీత కిందికి దిగింది. ఫౌజులో ఆయిలంటే అదే. పదిహేడేళ్ళలో నేను మరిచిపోయినదేమిటంటే, మా పల్లెల్లో ఆయిలంటే డీజిలు. ఆయిలింజనులో పోసేది ఆయిలు. కాపరి డీజిలు డబ్బా ఎత్తి పెట్రోలు ట్యాంకులో ఒంపేశాడు.

మూడూ పందొమ్మిదికి బయల్దేరాం. గేటు దాటి మూడు వందల గజాలు బాగానే పోయింది. తర్వాత దగ్గింది. బానెట్ కింద ఎవరో గులకరాళ్ళు దంచుతున్నట్టు చప్పుడు. వెనక తెల్లటి పొగ, జమ్మలమడుగు మొత్తం కనబడకుండా పోయేంత. ఆగిపోయింది. ట్యాంకు మూత తీసి వాసన చూశాను.

"ఏంది పోసినావు మామా?"

"ఆయిలే గదప్పా పొయ్యమంటివి. లీటరంటివి గానీ, దూరం బోవల్ల గదా అని ఐదు పోసినా."

తిట్టడానికి నోరు తెరిచాను. ఆయన చేతులు చూసి మూసుకున్నాను. డబ్బా మూత ఇంకా ఆ చేతిలోనే ఉంది.

వెనక్కి పరిగెత్తాం. కానిస్టేబులు, కాపరి ర్యాంపు మీంచి డీజిలు జీపును తోశారు. మూడూ ముప్పై ఒకటికి పట్టుకుంది. అప్పుడు మొదలైంది నాకు అసలు భయం. వంకలో ర్యాంపులుండవు. నీళ్ళలో ఇంజను ఆగితే మళ్ళీ బతకదు.

వంక గట్టుకు చేరేసరికి మూడూ యాభై రెండు. రోడ్డు నీళ్ళ కిందికి పోయింది. అంచు రాళ్ళ తలలు మాత్రం అక్కడక్కడ కనబడుతున్నాయి. వంక వెడల్పు నలభై గజాలు. నా కళ్ళకు అవతలి గట్టు మీద వేరే దేశం కనబడింది. నీళ్ళలో దిగేముందు, ఫ్యాను ఇంజను మీద నీళ్ళు చిమ్మకుండా దాని బెల్టు విప్పాలని పాఠం. విప్పాలంటే ఇంజను ఆపాలి. విప్పలేదు. బూటు ఒకేసారి రెండు పెడళ్ళు తొక్కుతోంది. బూట్లు విప్పాను.

లైఫ్ జాకెట్టు కాపరికి ఇచ్చాను. తిరిగి నా ఒళ్ళో పెట్టాడు.

"ఇది తొడిగితే ఒళ్ళు తేల్తాది. కాలికి రోడ్డు తెలీదు. నువ్వేసుకో."

వేసుకున్నాను. సిగ్గుపడే తీరిక లేదు. ఆయన నడుముకు తాడు కట్టి, రెండో కొస బంపరుకు ముడేశాను. కర్రతో ముందు దిగాడు. నేను ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలాను.

నీళ్ళు ఆయనకు మోకాలు. తొడ. మొల. గోధుమరంగు నీళ్ళు బానెట్ అంచుకు తగిలాయి. ఇంజను గొంతు దిగింది. నా కాలు క్లచ్ వైపు పాకింది, తొక్కితే ఇద్దరం పోతామని తెలిసి కూడా. ఆ కాలిని చేత్తో పట్టి పక్కకు లాగాను. తెలిసిన దేవుళ్ళను పిలిచాను. తెలియనివాళ్ళనూ పిలిచాను, ఎవరైనా డ్యూటీలో ఉంటారేమోనని. దున్నపోతు మాత్రం తన నడక తను నడిచింది.

అవతలి గట్టుకు నాలుగూ ఆరు. ఇంజను ఆపలేదు, సీటు దిగలేదు. ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను బొంతలో మోసుకొచ్చి వెనక పడుకోబెట్టారు. చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. మాట ముద్దగా వస్తోంది.

"గొర్లను గట్టెక్కిచ్చినారా?"

"ఎక్కిచ్చినాం పండుకో," అన్నాడు కాపరి. ఆమె మొహం సరిగ్గా చూడనైనా లేదు. మళ్ళీ నీళ్ళలో దిగాడు. అంచు రాళ్ళు ఇందాకటికంటే నాలుగు వేళ్ళు మునిగాయి.

ఇవతలి గట్టు నాలుగూ ఇరవై తొమ్మిది. ఆసుపత్రి నాలుగూ యాభై రెండు. మందు ఎక్కించారు. ఆవరణలో ఇంజను ఆపాను.

మరుసటి రోజు మెకానిక్ వచ్చి పెట్రోలు జీపు బానెట్ ఎత్తాడు. ప్లగ్గులకు కరెంటు పోయే చోట మూత పగిలి ఉంది. మోకాలి లోతు నీళ్ళలో దిగినా చచ్చేదన్నాడు. అంటే వంక మధ్యలో. పరిగెత్తి కాపరికి చెప్పాను.

"నువ్వు పోసిన ఆయిలే మీ ఆమెను దాటించింది మామా."

"నేను జెప్పలే, అది మేకని," అన్నాడు. తర్వాత చాలాసేపు ముక్కు చీదుకున్నాడు.

ఆమెకు మాట సరిగ్గా వచ్చింది ఆసుపత్రిలో మూడో రోజుకు. నన్ను చూసి మొదట అన్నది ఇదీ: "ఈయప్ప జీపు పొగకే నా ఇసం సగం దిగిపాయ."

పదకొండో రోజు ప్రొద్దుటూరుకు తిరిగొచ్చాను. బూట్లు అప్పజెప్పాను. టీ అంగడిలో నదులు దాటడం మానేశాను. డీజిలా, పెట్రోలా అని ఇప్పటికీ అడుగుతారు. ఊరికి పెట్రోలు, నీళ్ళకు డీజిలు అంటాను. ఇంతేనా అంటారు. ఇంతే అంటాను.

చెప్పనిది ఒకటి ఉంది. ఎవరికైనా ఫస్ట్ గేరు నేర్పేటప్పుడు, బానెట్‌కు ముందు అది కనబడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు, నీళ్ళ మధ్యలో, జీపుకు ముందు కాపరి. వెనక బొంతలో ఆయన భార్య. నా ఇంజను మోతలో తన కేక వినబడదని ఆయనకు తెలుసు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. కుడి చేయి మాత్రం వెనక్కి చాపి ఉంచాడు. వేళ్ళు తెరుస్తూ, మూస్తూ, తెరుస్తూ, మూస్తూ, గొర్రెలను పిలిచినట్టు.